తాళం వేసిన ఇల్లు, పక్కన గుడిసెలు: దొంగతనాలు ఎందుకు జరుగుతాయి, ఎలా ఆగుతాయి?

శారద_పోరంకి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. సంక్రాంతికి మూడు రోజులు మా అత్తగారి ఊరు వెళ్లి వచ్చేసరికి ఇల్లు దోచేశారు. ముందు గేటుకి తాళం వేసింది వేసినట్టే ఉంది. వెనక వంటింటి తలుపు గడియని రాడ్డు పెట్టి పెకలించారు. బీరువాలో చీరలన్నీ మంచం మీద గుట్టగా పోసి ఉన్నాయి. మా అమ్మ ఇచ్చిన నల్లపూసల గొలుసు, అమ్మాయి జూకాలు, ఇరవై రెండు వేల నగదు పోయాయి. వాటికంటే ఎక్కువగా ఒక విషయం నన్ను వదలడం లేదు. ఫ్రిజ్‌లో నీళ్ల సీసా తీసుకుని తాగి, మళ్లీ మూత బిగించి టేబుల్ మీద పెట్టి వెళ్లారు. అంత తీరుబడిగా ఉన్నారన్నమాట మా ఇంట్లో.

సరిగ్గా ఐదు వారాలకి మా వరసలోనే రెండిళ్ల అవతల ఇంకో ఇల్లు పోయింది.

ఆదివారం అసోసియేషన్ మీటింగ్ పెట్టారు. కాలనీ చివర ఖాళీ స్థలంలో ఇరవై గుడిసెలు ఉన్నాయి. బుట్టలు అల్లేవాళ్లు, బిందెలు అమ్మేవాళ్లు, కూలికి వెళ్లేవాళ్లు ఉంటారు. వాళ్లని ఖాళీ చేయించాలని అర్జీ రాశారు. ఆధారం ఏమిటని అడిగితే ఒక పెద్దాయన "అది వాళ్ల రక్తంలోనే ఉందమ్మా" అన్నారు. ముందు పోయిన ఇల్లు నాది కాబట్టి మొదటి సంతకం నేను పెట్టాలట. నాకు కోపం ఉంది. భయం అంతకంటే ఉంది, రాత్రి పిల్లి కదిలినా లేచి కూర్చుంటున్నా. అయినా ఆ కాగితం మీద పెట్టడానికి చెయ్యి రావడం లేదు. నేరాలు ఎందుకు జరుగుతాయి, ఏం చేస్తే తగ్గుతాయి అన్నదాని మీద చదివినవాళ్లు, పని చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి. వచ్చే ఆదివారం మళ్లీ మీటింగ్.

సూర్యం_తెనాలి

అమ్మా, మీ బాధ అర్థమైంది. నేను పదకొండేళ్లు గల్ఫ్‌లో పనిచేశాను. అక్కడ బంగారం కొట్లో షట్టర్ సగం దించి నమాజుకి వెళ్లేవాళ్లు. శిక్ష అంటే భయం ఉండాలి. ఇక్కడ దొంగ మూడు నెలల్లో బెయిల్ మీద బయటికొచ్చి అదే వీధిలో తిరుగుతాడు. శిక్షలు పదింతలు చేస్తే తప్ప ఏదీ ఆగదని నా నమ్మకం.

మాధవి_అడ్వకేట్

సూర్యం గారూ, మీరన్నది చాలామంది నమ్మేదే. కానీ అమెరికాలో డేనియల్ నేగిన్ లాంటి పరిశోధకులు దశాబ్దాల తరబడి ఇదే ప్రశ్న మీద కూర్చున్నారు. వాళ్లు తేల్చిన విషయం ఏమిటంటే, శిక్ష ఎంత పెద్దది అన్నదాని కంటే పట్టుబడతానా లేదా అన్నదే మనిషిని ఎక్కువగా ఆపుతుంది. శిక్ష రెండేళ్ల నుంచి ఐదేళ్లు చేస్తే దొంగకి కొత్తగా భయం పుట్టదు. తలుపు పెకలించేటప్పుడు వాడి మనసులో సెక్షన్ నంబర్ ఉండదు, పక్కింట్లో లైటు వెలుగుతుందా అన్నదే ఉంటుంది.

ఇంకొకటి. మన దేశంలో జైళ్లలో ఉన్నవాళ్లలో దాదాపు ముప్పావు వంతు మంది విచారణ ఖైదీలు. అంటే నేరం ఇంకా రుజువు కానివాళ్లు. కాబట్టి "లోపల వెయ్యడం" మనం చేయడం లేదని కాదు. చేస్తూనే ఉన్నాం, ఎవర్ని వేస్తున్నామన్నది చూడాలి.

రిటైర్డ్_హెడ్_కానిస్టేబుల్

34 ఏళ్లు సర్వీసు చేశానమ్మా, అందులో పద్నాలుగేళ్లు క్రైమ్ పార్టీలోనే. ముందు మీ ఇంటి సంగతి చెబుతా. మూడు రోజులు వెళ్లారన్నారు. వెళ్లేటప్పుడు వాకిట్లో ముగ్గు ఎవరైనా వేశారా? సంక్రాంతి రోజుల్లో వీధంతా రంగులు, గొబ్బెమ్మలు ఉండి ఒక్క వాకిలి మాత్రం బోసిగా ఉంటే, బండి మీద అలా వెళ్లేవాడికి కూడా తెలిసిపోతుంది. రెక్కీ అంటే పెద్ద పథకం ఏమీ ఉండదు. గేటుకి బయట వేలాడే తాళం, గుమ్మంలో పడున్న పేపర్లు, పాల ప్యాకెట్లు, పగలు వెలుగుతున్న వరండా బల్బు. ఇవి చూస్తారు. నేను ఇంటరాగేట్ చేసిన ప్రతి ఒక్కడూ మొదట చెప్పేది "మనుషులు లేరని తెలిసింది సార్" అనే.

రెండోది చెప్పడానికి కొంచెం కష్టంగానే ఉంది. మా రోజుల్లో పెద్ద దొంగతనం అయితే పై నుంచి టెన్షన్ ఉండేది. జీపేసుకుని ఎరుకల పేటకి వెళ్లి, దొరికిన నలుగుర్ని ఎక్కించుకుని వచ్చేవాళ్లం. ఒక కేసులో అలా తెచ్చిన కుర్రాడు నాలుగు రోజులు స్టేషన్‌లో ఉన్నాడు. ఏడాదిన్నర తర్వాత వేలిముద్రలు కలిశాయి. చేసినవాడు వేరే జిల్లా, వేరే కులం, ఆ ఇంటికి అంతకుముందు ఏసీ బిగించడానికి వచ్చినవాడు. ఆ కుర్రాడి దగ్గరికి వెళ్లి ఒక్క మాట చెప్పినవాళ్లు లేరు. నేనూ చెప్పలేదు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

శారద_పోరంకి

ముగ్గు వెయ్యలేదండీ. పక్కవాళ్లకి చెప్పాలనే తోచలేదు. బాబాయి గారూ, ఆ చివరి సంగతి దాచకుండా రాసినందుకు దణ్ణం.

మాంచెస్టర్_తెలుగబ్బాయి

శారద గారూ, నేను ఇక్కడ నేరశాస్త్రంలో మాస్టర్స్ చేస్తున్నాను. మీరు రాసిన "ఐదు వారాలకి రెండిళ్ల అవతల" అన్న ముక్క చదవగానే ఆగిపోయాను. ఎందుకంటే మా సబ్జెక్టులో బాగా పేరున్న ఒక ప్రయోగం సరిగ్గా దీని మీదే జరిగింది, అదీ మా యూనివర్సిటీకి అరగంట దూరంలో.

రోచ్‌డేల్ అని ఇక్కడికి దగ్గరి ఊరు. అందులో కిర్క్‌హోల్ట్ అనే ప్రభుత్వ గృహాల కాలనీ, రెండు వేల పైచిలుకు ఇళ్లు. 1980లలో అక్కడ ఇళ్ల దొంగతనాలు విపరీతం. 1985–86లో పోలీసులు, ప్రొబేషన్ అధికారులు, కెన్ పీజ్ అనే ప్రొఫెసర్, ఆయన జట్టు కలిసి పని మొదలుపెట్టారు. కాలనీలో దొంగలెవరన్నది ఊహించుకుంటూ కూర్చోలేదు. పట్టుబడ్డ దొంగలతో మాట్లాడారు, పోగొట్టుకున్నవాళ్లతో మాట్లాడారు, వాళ్ల ఇరుగుపొరుగుతో కూడా మాట్లాడారు.

రెండు విషయాలు బయటపడ్డాయి. ఒకటి, ఒకసారి దొంగ పడిన ఇంటికి మళ్లీ పడే ప్రమాదం మిగతా ఇళ్లకంటే చాలా ఎక్కువ. మనవాళ్లు తగిలిన వేలికే తగులుతుందంటారు చూడండి, అది అక్షరాలా నిజమైంది. కారణం కూడా తేలికే. దొంగకి లోపల ఏ గది ఎక్కడుందో తెలిసిపోయింది, తలుపు ఎలా ఊడుతుందో తెలిసింది, పోయిన టీవీ బదులు కొత్తది వస్తుందనీ తెలుసు. రెండోది ఎవరూ ఊహించనిది. ఆ ఇళ్లలో గ్యాసుకీ కరెంటుకీ నాణేలు వేసే మీటర్లు ఉండేవి. అంటే ప్రతి ఇంట్లో డబ్బు నిండిన ఒక డబ్బా, ఎక్కడుంటుందో ఊరంతటికీ తెలిసిన డబ్బా. దాదాపు సగం దొంగతనాల్లో పగిలింది ఆ మీటరే.

వాళ్లు చేసింది చెబుతాను. నాణేల మీటర్లు తీసేయించారు. దొంగ పడిన ఇంటికి వెంటనే తలుపులు గడియలు గట్టి చేయించారు. ఆ ఇంటి చుట్టూ ఉన్న ఆరేడు ఇళ్లవాళ్లని కూర్చోబెట్టి "ఈ ఇంటిని కొన్నాళ్లు మీరు కనిపెట్టి ఉండండి" అని ఒప్పించారు. కాలనీ మొత్తానికి కాపలా పెట్టలేదు, దెబ్బ తగిలిన ఇంటి చుట్టూ మాత్రమే పట్టుపురుగు గూడులా అల్లారు. ఐదు నెలల్లో దొంగతనాలు అంతకుముందున్న దాంట్లో 40 శాతానికి పడిపోయాయి. మూడేళ్లకి తగ్గుదల 75 శాతం. పక్క ప్రాంతాలకి దొంగలు తరలిపోయారా అని కూడా చూశారు, అలా జరిగిన జాడ కనపడలేదు.

ఆ తర్వాత వచ్చిన పరిశోధనల్లో ఇంకో సంగతి తేలింది. ఒక ఇంట్లో దొంగ పడితే 400 మీటర్ల లోపున్న ఇళ్లకి కూడా ఒకటి రెండు నెలల పాటు ప్రమాదం పెరిగి ఉంటుంది. మీ రెండో ఇల్లు అలాగే పోయి ఉండొచ్చు. కాబట్టి మీ కాలనీకి ఇప్పుడు అవసరమైనవి మీ ఇంటి వెనక తలుపు, మీ చుట్టూ ఆరు ఇళ్లు. గుడిసెల మీద అర్జీ వల్ల ఈ రెండిట్లో ఏదీ బాగుపడదు.

సూర్యం_తెనాలి

ఇది నాకు కొత్త విషయం బాబూ, ఒప్పుకుంటాను. కానీ దొంగతనం చెయ్యాలన్న బుద్ధి ఉన్నవాడు ఒక తలుపు గట్టిగా ఉంటే ఇంకో తలుపు చూసుకోడా?

మాంచెస్టర్_తెలుగబ్బాయి

కొందరు చూసుకుంటారండి. అందరూ కాదు. పశ్చిమ జర్మనీలో 1980లో హెల్మెట్ లేకుండా మోటారుసైకిల్ నడిపితే జరిమానా పెట్టారు. తలలు పగలకుండా పెట్టిన నియమం అది, దొంగల కోసం కాదు. కానీ ఆ ఏడాది లక్షన్నర దాకా ఉన్న మోటారుసైకిల్ దొంగతనాలు 1986కల్లా 54 వేలకి దిగాయి. బండి కనపడగానే ఎత్తుకుపోదామనుకున్నవాడి చేతిలో హెల్మెట్ ఉండదు, హెల్మెట్ లేకుండా వెళ్తే మొదటి కూడలిలోనే ఆపుతారు. వాళ్లంతా కార్లు దొంగిలించడానికి వెళ్లారా అంటే, కార్ల దొంగతనాలు ఆ లోటు పూడ్చేంతగా ఏమీ పెరగలేదు. "బుద్ధి" అని మనం అనుకునే దాంట్లో చాలా భాగం చేతికందిన అవకాశమే.

వెదురు_దబ్బ

చాలాసేపు రాయాలా వద్దా అని ఆలోచించాను. నేను ఎరుకల మనిషిని. చీరాల దగ్గర పుట్టాను, ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. శారద గారూ, మీ మీటింగ్‌లో పెద్దాయన అన్న "రక్తంలోనే ఉంది" అన్న మాట నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ఆ మాటకి ఒకప్పుడు చట్టం కూడా ఉంది.

1871లో బ్రిటిష్ వాళ్లు క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. వడ్రంగి కొడుకు వడ్రంగి అయినట్టు దొంగ కొడుకు దొంగ అవుతాడన్నది దాన్ని తెచ్చినవాళ్ల వాదన. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి, అంటే మన కోస్తాకీ సీమకీ వచ్చింది. ఒక కులం మొత్తాన్ని నేరస్థ జాతి అని నోటిఫై చేస్తే, ఆ నోటిఫికేషన్ తప్పని కోర్టులో అడిగే వీలు కూడా లేదు. బాపట్ల, చీరాల మధ్య స్టువర్టుపురం అలా పుట్టిందే. ఎరుకలవాళ్లని తెచ్చి సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థ చేతిలో పెట్టారు. మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అధికారి హరాల్డ్ స్టువర్ట్ పేరు పెట్టారు ఊరికి. చీరాల పొగాకు ఫ్యాక్టరీకి కూలీలు కూడా అక్కడి నుంచే వెళ్లారు.

మరి అంతకుముందు మావాళ్లు ఏం చేసేవారు? మా శాఖల పేర్లే చెబుతాయి. దబ్బ ఎరుకల అంటే వెదురు దబ్బలు చీల్చి బుట్టలు అల్లేవాళ్లు. కరివేపాకు ఎరుకల. ఉప్పు ఎరుకల. ఈ ఉప్పు ఎరుకల వాళ్లు సముద్రం ఒడ్డున ఉప్పు ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని లోపలి ఊళ్లకి తీసుకెళ్లి ధాన్యానికి మార్చేవాళ్లు. రైలొచ్చింది. ఉప్పు మీద ప్రభుత్వ గుత్తాధిపత్యం బిగిసింది. అడవి చట్టాలు వచ్చి మేత, వెదురు రెండూ అందకుండా పోయాయి. 1876–78 కరువు వచ్చింది. ఎద్దులు పోయాయి, దారి పోయింది, బేరం పోయింది. మీనా రాధాకృష్ణ అనే చరిత్రకారిణి పాత ప్రభుత్వ కాగితాలన్నీ తవ్వి ఇదంతా బయటపెట్టారు. ఊరూరా తిరిగి ఉప్పిచ్చే మనిషికి ఉప్పు లేకుండా చేసి, ఇంకా తిరుగుతున్నాడేమిటని దొంగ అన్నారు. నేరానికి కారణం వెతకడమంటే నా దృష్టిలో ఇది. ఇది ఆ కాగితాల్లోనే ఉంది, ఎవరి రక్తంలోనూ లేదు.

మా తాతకి రాత్రి హాజరు ఉండేది. జ్వరమొచ్చినా లేచి వెళ్లి వేలిముద్ర వేసి రావాలి. పక్క ఊళ్లో చెల్లెలి పెళ్లికి వెళ్లాలన్నా చీటీ కావాలి, వెళ్లిన ఊళ్లో దాని మీద సంతకం చేయించాలి. ఆయన చనిపోయేవరకు రాత్రిళ్లు ఒకసారి లేచి చొక్కా వేసుకునేవాడట, చట్టం పోయి ఎన్నేళ్లయినా. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. మా చొక్కా ఇంకా విప్పలేదు. ఇప్పటికీ అద్దె ఇంటికి వెళ్తే ఊరు పేరు చెప్పగానే ముఖం మారుతుంది.

సూర్యం_తెనాలి

అయ్యా, మిమ్మల్ని నొప్పించాలని కాదు. స్టువర్టుపురం నుంచి పెద్ద పెద్ద దొంగలు వచ్చిన మాట కూడా నిజమే కదా? మా నాన్న కాలంలో ఆ పేరు చెబితే రైల్లో ఆడవాళ్లు గొలుసులు లోపల వేసుకునేవారు.

వెదురు_దబ్బ

వచ్చారు. నేను కాదనను. మా బంధువుల్లోనూ ఉన్నారు. కానీ ఒక మనిషిని పుట్టగానే రిజిస్టర్‌లో ఎక్కించి, పని ఇవ్వకుండా, ప్రతి కేసుకీ స్టేషన్‌కి తీసుకెళ్తే, "చెయ్యకపోయినా దెబ్బలే" అన్న ఆలోచన వాడికి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. కొందరికి వచ్చింది. చాలామందికి రాలేదు, వాళ్ల గురించి ఎవరూ చెప్పుకోలేదు, అంతే.

రిటైర్డ్_హెడ్_కానిస్టేబుల్

ఈ తమ్ముడు రాసింది అక్షరం అక్షరం నిజం. ఇక్కడ ఒకటి కలుపుతా. 1970లలో లవణం గారు, హేమలత గారు స్టువర్టుపురం వచ్చి పనిచేశారు. ఆయన విజయవాడ నాస్తిక కేంద్రం గోరా గారి కొడుకు, ఆవిడ జాషువా గారి అమ్మాయి. నేను సర్వీసులో చేరిన కొత్తలో మా సీనియర్లు వాళ్ల గురించి మాట్లాడుకోవడం విన్నాను. ఆవిడ ఇళ్లల్లోకి వెళ్లి ఆడవాళ్లతో కూర్చునేవారట. దొంగతనం మానేస్తామని ముందుకొచ్చినవాళ్లకి భూమి, పని, పిల్లలకి చదువు ఇప్పించాలని ప్రభుత్వం చుట్టూ తిరిగారు. లాఠీ వల్ల మానినవాణ్ణి నా సర్వీసులో ఒక్కణ్ణీ చూడలేదు. పని దొరికి, పెళ్లయి, పిల్లలు బడికి వెళ్లి మానినవాళ్లని చాలామందిని చూశాను.

హెడ్‌మాస్టర్_నూజివీడు

నాదొక సందేహం. మా స్కూల్లో తొమ్మిది, పది తరగతుల కుర్రాళ్లు కొందరు సెల్‌ఫోన్లు కాజేస్తున్నారు. వాళ్లని ఒకరోజు జైలుకి తీసుకెళ్లి ఖైదీలతో మాట్లాడించి భయపెడితే ఎలా ఉంటుందని అనుకుంటున్నాం.

మాంచెస్టర్_తెలుగబ్బాయి

మాస్టారూ, దయచేసి అది చెయ్యకండి. అమెరికాలో న్యూజెర్సీలోని రావే జైల్లో 1970లలో ఇదే చేశారు, దాని మీద డాక్యుమెంటరీ వచ్చి దేశమంతా పాకింది. తర్వాత అలాంటి కార్యక్రమాల్ని చీటీలు తీసినట్టు కొందరు పిల్లల్ని పంపి, కొందర్ని పంపకుండా పోల్చి చూశారు. జైలుకి వెళ్లి భయపడి వచ్చిన పిల్లలే తర్వాత ఎక్కువగా నేరాల్లో పడ్డారు. ఒకే రకం కుర్రాళ్లని ఒకచోట చేర్చి "మీరు ఇలాంటివాళ్లు" అని ముద్ర వేసినందుకు కావచ్చు.

మంచి మనసుతో చేసింది కూడా చెడిపోవచ్చు. బోస్టన్ దగ్గర 1939లో మొదలుపెట్టి ఐదేళ్ల పైగా పేద కుర్రాళ్లకి సలహాలు, ట్యూషన్లు, వేసవి క్యాంపులు ఇచ్చారు. జోన్ మెకార్డ్ అనే ఆవిడ ముప్పై ఏళ్ల తర్వాత వాళ్లందర్నీ వెతికి పట్టుకుంది. వాళ్లలో చాలామంది ఆ సాయం బాగా పనికొచ్చిందనే చెప్పారు. కానీ సాయం అందని జతగాళ్లతో పోలిస్తే అందినవాళ్ల జీవితాలే కొంచెం అధ్వాన్నంగా ఉన్నాయి. అందుకే మా ప్రొఫెసర్ ప్రతి క్లాసులో "పోల్చి చూశారా?" అని అడుగుతుంది.

హెడ్‌మాస్టర్_నూజివీడు

అలాగే బాబూ, ఆ ఆలోచన మానేశాం. ఫోన్లు పోయేది ఎక్కువగా ఆటల పీరియడ్‌లో, బ్యాగులు క్లాసులో వదిలి గది తెరిచి వెళ్లినప్పుడు. ముందు ఆ గదికి తాళం వేయిస్తాను.

మాధవి_అడ్వకేట్

శారద గారూ, ఒక్కటి. ఆధారం లేకుండా ఇరవై కుటుంబాల్ని దొంగలని రాసిన కాగితం మీద సంతకం పెడితే, రేపు వాళ్లలో ఎవరైనా పరువునష్టం కేసు వెయ్యొచ్చు. మీకు ఇష్టం లేకపోతే ఆగడానికి ఇదొక్కటి చాలు. మీటింగ్‌లో నా మాటగా చెప్పండి.

సీసీ కెమెరాల గురించి కూడా ఎవరైనా అడుగుతారు. వద్దని చెప్పను. కానీ ఇప్పటిదాకా చేసిన పరీక్షల్లో అవి బాగా పనిచేసింది కార్ల పార్కింగుల్లో. ఇళ్ల మధ్య అంత కాదు. వీధి దీపాల ఫలితాలు మెరుగ్గా ఉన్నాయి. 2008లో వచ్చిన ఒక సమీక్షలో దీపాలు బాగుచేసిన చోట నేరాలు 21 శాతం తగ్గాయని తేలింది.

రిటైర్డ్_హెడ్_కానిస్టేబుల్

మన ఆంధ్రలో ఎల్‌హెచ్ఎంఎస్ అని, తాళం వేసిన ఇళ్లని కనిపెట్టే పోలీసు పథకం ఒకటి ఉందమ్మా. ఊరెళ్లేముందు పోలీసులకి చెబితే ఇంట్లో కెమెరా పెట్టి వెళ్తారు, డబ్బు అడగరు. కానీ వెనక తలుపుకి నిలువు గడియ ఒక్కటి కాదు, అడ్డంగా ఇనప పట్టీ కూడా వేయించండి. ఇవాళే.

శారద_పోరంకి

మీటింగ్ అయింది. వెంటనే రాయలేకపోయాను, క్షమించండి.

సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో లేచి నిలబడి చెప్పాను, గొంతు వణికింది. మాధవి గారి మాట చెప్పగానే కొందరు వెనక్కి తగ్గారు. రక్తం మాట అన్న పెద్దాయన మాత్రం తగ్గలేదు. అర్జీ ఇంకా ఆయన దగ్గరే ఉంది, తొమ్మిది సంతకాలతో. మా వరసలో ఏడిళ్లలో ఆరిళ్లవాళ్లు ఒప్పుకున్నారు. ఎవరు ఊరెళ్లినా పక్కవాళ్లకి చెప్పాలి, వాకిలి ఊడ్చి ముగ్గు వెయ్యాలి, పాల ప్యాకెట్ తీసెయ్యాలి. మా వీధి చివర దీపం నాలుగు నెలలుగా వెలగడం లేదని అప్పుడే అందరికీ గుర్తొచ్చింది. పంచాయతీకి రాశాం.

వెదురు_దబ్బ గారూ, మీరు రాసింది మా వారికి చదివి వినిపించాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మనం ఏనాడైనా వాళ్లని పేరు అడిగామా?" అన్నారు. నిన్న వెళ్లి అడిగాను. మొదటి గుడిసెలో ఆవిడ వెంటనే చెప్పలేదు. ముందు "ఎందుకమ్మా, ఏమైనా పోయిందా?" అని అడిగింది.

వెనక తలుపుకి ఇనప పట్టీ ఎల్లుండి వేస్తానన్నాడు వెల్డింగ్ అతను. పక్క వీధిలోని అక్క రేపు కాశీ వెళ్తోంది, తాళంచెవి నా దగ్గరే ఉంది. పొద్దున్నే వెళ్లి ముగ్గు వెయ్యాలి.